రికార్డుల చరిత్రకారుడు షార్ల్ దెలోనే

1930 ప్రాంతంలో పారిసు నగరంలో ఒక యువకుడు జాజ్ రికార్డు కొనదలచి దుకాణానికి వెళ్లితే అతనికి తోడ్పడగల ఆధారం ఒక్కటే ఉండేది. అది రికార్డు నడుమ అంటించిన గుండ్రని కాగితం. దానిమీద పాట పేరు, వాద్యబృందం పేరు, కంపెనీ పేరు, ఒక అంకె ఉండేవి. అంతకు మించి ఏమీ లేదు. ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషాల సంగీతం. ఆ మూడు నిమిషాలలో ట్రంపెట్ ఊదినదెవరో, క్లారినెట్టు పలికించినదెవరో, అది ఏ ఊళ్లో ఏనాడు రికార్డయిందో కాగితం చెప్పదు. దుకాణదారుకు తెలియదు. చెప్పవలసిన అవసరం ఉన్నదని కంపెనీవారికి తోచలేదు. పోనీ బృందం పేరైనా నిజమైనదా అంటే ఆ నమ్మకమూ లేదు. చేతిలోని సొమ్ము ఒక్క రికార్డుకు సరిపోతుంది, ఊరిస్తున్నవి పది. వాటిలో దేనిని కొనాలి?

ఈ ప్రశ్నకు తగిన సమాధానం 1936లో పుస్తకరూపాన వెలువడింది. దాని పేరు ‘హాట్ డిస్కోగ్రఫీ’. గ్రంథాలకు సూచిక ఉన్నట్లే రికార్డులకూ ఒక సూచిక ఉండాలన్నది ఆ గ్రంథకర్త సంకల్పం. డిస్కోగ్రఫీ అనే మాటను లోకవ్యవహారంలోకి తెచ్చిన ఘనత చాలామంది ఆయనకే ఇస్తారు. ఆ గ్రంథకర్త షార్ల్ దెలోనే. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు.

దెలోనే 1911 జనవరి 18వ తేదీన పారిసులో జన్మించాడు. తండ్రి రోబెర్ దెలోనే, తల్లి సోనియా దెలోనే. ఇరువురూ ఆధునిక చిత్రకళా చరిత్రలో ప్రముఖ స్థానం సంపాదించినవారే. ఒక రంగు పక్కన మరొక రంగును ఉంచినంత మాత్రాన చిత్రానికి చలనం కలుగుతుందని, అందుకు వస్తువుల ఆకృతులతో పనిలేదని వారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి ఉయ్యాలలోని ఈ పిల్లవాడే కొంత కారణమనడం అతిశయోక్తి కాదు. రష్యా సామ్రాజ్యంలోని ఉక్రేనియా ప్రాంతంలో పుట్టిన సోనియా, అక్కడి పల్లెపడుచులు కుట్టే పద్ధతిలో రంగురంగుల గుడ్డపీలికలు చేర్చి కొడుకు కోసం ఒక బొంత కుట్టింది. కుట్టి చూచుకొన్న తరువాత అందులో ఆమెకు కొత్త చిత్రకళ కనిపించింది. మన ఇళ్లలో పాత చీరలతో కుట్టే బొంతకు అక్కచెల్లెలు వంటి ఆ వస్తువు ఇప్పుడు పారిసులోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల సొత్తు.

1914లో యుద్ధం వచ్చినప్పుడు ఆ కుటుంబం స్పెయిన్‌లో ఉన్నది. పిమ్మట పోర్చుగల్లు, మరల స్పెయిను. రష్యా విప్లవంతో సోనియాకు పుట్టింటి నుంచి వచ్చే రాబడి ఆగిపోయింది. ఆమె మాడ్రిడ్‌లో దుస్తుల దుకాణం తెరచి సంసారం నడిపింది. 1921లో పారిసుకు తిరిగివచ్చిన తరువాత వారి ఇల్లు కవులకు, చిత్రకారులకు విడిదిగా మారింది. అటువంటి ఇంట పెరిగిన పిల్లవానికి కళాకారులన్నా కొత్తదనమన్నా వింత ఉండదు. షార్ల్ కూడా కుంచె పట్టి ప్రకటనల బొమ్మలు గీసి జీవనం సాగించాడు. తరువాతి కాలంలో జాజ్ వాద్యకారుల రేఖాచిత్రాలు కూడా గీశాడు. అవి బాగున్నవే. అయినా ఆయన మనస్సు దోచినది చిత్రకళ కాదు. తండ్రి 1912, 1913 సంవత్సరాలలో రంగుల వలయాలతో గుండ్రని పటమొకటి గీసి దానికి తొలి చక్రమని పేరుపెట్టాడు. కొడుకు నల్లని చక్రాలను వెదకుతూ బయలుదేరాడు.

ఆ చక్రాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి రికార్డుకు ముఖ్యమైన ముడిపదార్థం లక్క. ఆ లక్కలో అధికభాగం మన దేశం నుంచి, విశేషించి ఛోటానాగపురం అడవులలో మోదుగ, రేగు మొదలైన చెట్లమీద పెరిగే పురుగుల నుంచి వచ్చేది. జారిపడితే పెంకులాగా పగిలిపోయే వస్తువు. ఇనుపముల్లు తిరిగిన కొద్దీ అరిగిపోయే వస్తువు. కాని జాజ్ సంగీతానికి అంతకు మించిన ఆశ్రయం లేదు. కాగితం మీద స్వరాలు రాసుకొని వాయించే పాశ్చాత్య సంగీతానికి రికార్డు లేకపోయినా లోటు లేదు. పుస్తకం చూచి మరొకరు వాయిస్తారు. జాజ్ అలాంటిది కాదు. అది మన విద్వాంసుల మనోధర్మానికి దగ్గరగా ఉండే విద్య. పాట అందరికీ తెలిసినదే. దానిని ఆధారం చేసుకొని వాద్యకారుడు ఆ క్షణాన అల్లుకొనే కల్పనయే అందులోని ప్రాణం. ఊపిరితో పుట్టి ఊపిరితో పోయే ఆ కల్పనకు రికార్డు ఒక్కటే తాళపత్రం.

తాళపత్రమన్న తరువాత పాఠభేదాలు, కర్తృత్వ వివాదాలు, ప్రక్షిప్తాలు ఉండక తప్పదు. ఇవన్నీ జాజ్ రికార్డులలో ఉన్నాయని గుర్తించి, పండితుడు ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే శ్రద్ధతో వాటిని పరిష్కరించబూనడమే దెలోనే చేసిన పని.

మొదటి ప్రపంచయుద్ధం చివరలో ఫ్రాన్సుకు వచ్చిన అమెరికను నీగ్రో పటాలాల బ్యాండుల ద్వారా ఫ్రెంచివారికి ఈ సంగీతం పరిచయమైంది. నాట్యశాలలలో దానిని వేడుకగా విన్నవారు వేలమంది. కళగా విన్నవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది 1932లో ‘హాట్ క్లబ్ ద ఫ్రాన్స్’ అనే సంఘంగా ఏర్పడ్డారు. దానికి అధ్యక్షుడు యూగ్ పనాస్యే. సంపన్న కుటుంబీకుడు, గొప్ప రికార్డుల సంగ్రహం కలవాడు, తన చెవిమీద అపారమైన విశ్వాసం కలవాడు. 1934లో ‘ల జాజ్ హాట్’ అనే గ్రంథం రాసి జాజ్ విమర్శకులలో అగ్రేసరుడుగా పేరు పొందాడు. దెలోనే ఈ సంఘంలో చేరి అచిరకాలంలోనే దాని పనిభారం వహించేవారిలో ఒకడయ్యాడు. 1934 డిసెంబరులో జాంగో రైన్‌హార్ట్ గిటారు, స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్ ప్రధానంగా ఆ సంఘం పేర ఏర్పడిన అయిదుగురి వాద్యబృందం మొదటి కచేరీ జరిగింది. బండి అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండువేళ్లు చెడిపోయిన దేశదిమ్మరి జాతివాడు జాంగో. అతనిని ప్రపంచానికి పరిచయం చేయడంలో దెలోనేకు గల పాత్ర చిన్నది కాదు. 1935లో సంఘం పక్షాన ‘జాజ్ హాట్’ పత్రిక మొదలయింది.

ఇక అసలు విషయం. దెలోనే రికార్డులను సేకరించసాగిన నాటికి పేర్ల గందరగోళం ఎంతటిదో చెబితేగాని ఆయన కృషి విలువ తెలియదు. డ్యూక్ ఎలింగ్టన్ బృందం ఒక కంపెనీకి తన స్వంత పేరుతో వాయించి, మరొక కంపెనీకి జంగిల్ బ్యాండు అని, ఇంకొక కంపెనీకి హార్లెమ్ ఫుట్‌వార్మర్స్ అని, వేరొకచోట హూపీ మేకర్స్ అని మారుపేర్లతో వాయించేది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే కంపెనీకి కట్టుబడి ఉన్న 1926లో, అతని బృందమే మరొక కంపెనీకి లిల్స్ హాట్ షాట్స్ అనే పేర వాయించింది. కొనేవాడు పేరు చూచి కొంటే ఎలింగ్టన్ ఉత్తమ రచనలు కొన్ని చేజారిపోతాయి. ఇది ఒక తీరు.

దీనికి విపరీతమైనది మరొకటి. పాల్ వైట్‌మన్ అనే ఆయనది పెద్ద నాట్యబృందం. ఆ రికార్డులు లక్షలకొద్దీ అమ్ముడుపోయేవి. వాటిలో అధికభాగం జాజ్ ప్రియులకు రుచించనివి. అయినా 1927 చివర ఆ బృందంలో బిక్స్ బైడర్‌బెక్ అనే కార్నెట్ వాద్యకారుడు చేరాడు. పుష్కలమైన తీగవాద్యాల నడుమ అతడు ఒక్కొక్కచోట అర నిమిషంపాటు వాయిస్తాడు. ఆ అర నిమిషం అపురూపం. 1931లో 28 ఏండ్లకే కన్నుమూసిన మనిషి. ఇక కొత్తగా వాయించేది లేదు. కాబట్టి ఆ బృందం రికార్డు ఒకటి కనబడినప్పుడు కొనవలెనా మానవలెనా అనేది అందులో బిక్స్ ఉన్నాడా లేడా అన్న ఒక్క అంశం మీద ఆధారపడి ఉంటుంది. ఆ అంశమే కాగితం మీద ఉండదు. మన పద్యనాటకాల ప్లేట్ల మీదనూ నటుని పేరు కనిపించేది గాని హార్మోనియం వాయించినవాని పేరు కనిపించడం అరుదు. అయితే మనం కొన్నది నటుని గొంతు కోసమే గనుక ఆ లోపం బాధించలేదు. జాజ్‌లో పక్కవాద్యమే పద్యం.

ఈ చిక్కు విప్పడానికి దెలోనే పట్టుకొన్న సాధనాలు మూడు. మొదటిది చెవి. ఒక్కొక్క వాద్యకారుని ధ్వనికి ఒక్కొక్క స్వభావం ఉంటుంది, చేవ్రాత వంటిది. పదే పదే వినగా పోల్చుకోవచ్చు. రెండవది సాక్షుల మాట. ఎలింగ్టన్ 1933లో పారిసు వచ్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1934లో అక్కడ కొంతకాలం నివసించాడు. కోల్మన్ హాకిన్స్, బెన్నీ కార్టర్ వంటివారు ఐరోపాలో సంవత్సరాల తరబడి ఉన్నారు. అటువంటి వాద్యకారులను పట్టుకొని, రికార్డు వినిపించి, ఇది ఎవరు వాయించినదని అడగడం ఆయన పద్ధతి. వారికి ఇది వింతగా ఉండేది. తాము పదేండ్ల క్రిందట ఒక మధ్యాహ్నం కూలికి వాయించి మరచిపోయిన పాటను అట్లాంటిక్ ఆవలి ఒడ్డున ఒక ఫ్రెంచి యువకుడు బార్ల లెక్కతో సహా గుర్తుపెట్టుకొన్నాడు.

మూడవ సాధనం అన్నిటికంటె గట్టిది. అది రికార్డు మీదనే ఉన్నది; చూచే కన్ను కావాలి. ఆ రోజులలో ధ్వనిని మొదట మైనపు పళ్లెం మీద గ్రహించి, దానినుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో లక్క రికార్డులు ఒత్తేవారు. మైనం మీద ఒక వరుస అంకె వేసేవారు. దానికి మేట్రిక్స్ నంబరు అని పేరు. కాగితం మీది అంకె అమ్మకానికి సంబంధించినది. అది ఎప్పుడైనా మారుతుంది. మేట్రిక్స్ నంబరు రికార్డు చేసిన నాటిది, అది మారదు. చాలా రికార్డులలో గీతలు ముగిసిన తరువాత కాగితం చుట్టూ మిగిలే నున్నని భాగంలో ఆ అంకె చిన్నగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు బృందాల పేర్లతో, రెండు వేర్వేరు కంపెనీల కాగితాలతో ఉన్న రికార్డుల మీద ఒకే మేట్రిక్స్ నంబరు ఉంటే అవి ఒకే వాయింపు. రెంటినీ కొనడం డబ్బు దండుగ. అంకె పక్కనే, అదే పాటను ఎన్నవసారి వాయించినదో చెప్పే గుర్తు ఉండవచ్చు. కాగితం ఒకటే అయి ఆ గుర్తు వేరైతే అది వేరు వాయింపు. మనోధర్మం మారి ఉంటుంది. అటువంటి రెండవదానిని అక్కరలేదని వదలుకొన్నవాడు పాఠభేదాన్ని పారవేసినవాడే. వరుస అంకెలను కూర్చి చూస్తే ఒకే దినాన ఒకే గదిలో పుట్టిన పాటలన్నీ ఒకచోటికి చేరుతాయి. ఒక పాటలో వాద్యకారుల పేర్లు రూఢి అయితే మిగిలినవాటికీ దారి దొరుకుతుంది.

1936 నాటి పుస్తకంలో ఇదంతా సంపూర్ణంగా ఉన్నదని కాదు. తప్పులు ఉన్నాయి. వాద్యకారుల జ్ఞాపకశక్తిని నమ్మడంలో సాహసమూ ఉన్నది. ఆనాడు గదిలో ఉన్నట్లు చెప్పుకొన్నవాడు తరువాతి పరిశోధనలో లేడని తేలిన సందర్భాలు ఉన్నాయి. అదే సంవత్సరం లండనులో హిల్టన్ ష్లెమన్ అనే ఆయన ‘రిథమ్ ఆన్ రికార్డ్’ అనే సూచికను ప్రకటించాడు. అయితే ఏది ఎందుకు ముఖ్యమో తెలిసేటట్లు కూర్చినది దెలోనే పుస్తకం. ఆయన అకారాది క్రమం పాటించలేదు. ముందుగా మూలపురుషులు, వారి వెంట వారి శాఖలు, ఈ విధంగా వంశవృక్షం వలె రికార్డులను అమర్చాడు. 1923లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, పియానోలు చేసే కంపెనీ ఒకటి నడిపిన జెనెట్ రికార్డుల శాలలో కింగ్ ఆలివర్ బృందం వాయించినవి ఆ వృక్షానికి మొదళ్లలో ఒకటి. యువకుడైన ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి రికార్డులు అవే. గొట్టంలోకి ఊది చేసిన పాతకాలపు రికార్డులు గనుక ధ్వని మసకగా ఉంటుంది. ధ్వని బాగులేదని దుకాణంలో తోసిపుచ్చేవాని చేతికి ఆ పుస్తకం అందితే మరల వెనుకకు వచ్చి కొంటాడు.

పుస్తకం ప్రభావం వెంటనే కనిపించింది. న్యూయార్కులోని కొమొడోర్ అనే రికార్డుల దుకాణం అధిపతి మిల్ట్ గేబ్లర్ పాత రికార్డులను తిరిగి ఒత్తించి, కాగితం మీదనే వాద్యకారులందరి పేర్లు, తేదీ అచ్చువేయించసాగాడు. ఆ కొమొడోర్ వారే 1940లో దెలోనే గ్రంథాన్ని అమెరికాలో పునర్ముద్రించారు. అమెరికను సంగీతానికి సూచిక కావలసివచ్చి అమెరికనులు ఒక ఫ్రెంచివాని పుస్తకం తెరిచారు. మన తాళపత్రాలకు బ్రౌను దొర వంటివాడు కావలసివచ్చిన సంగతి ఎరిగిన తెలుగువారికి ఇందులో ఆశ్చర్యం కలగదు.

ఇంతటి మేలుతో పాటు కొంత కీడూ జరగకపోలేదు. పుస్తకంలో పేరుకెక్కిన రికార్డుకు విలువ పెరిగింది. ఎక్కనిది చెత్తబుట్టకు దగ్గరయింది. ‘హాట్’ అనే మాట ఒక జల్లెడ. దక్షిణ రాష్ట్రాల పల్లెలలో ఒంటరిగా గిటారు మీటుకొంటూ పాడిన నీగ్రో గాయకులు ఆ జల్లెడలో చాలావరకు నిలువలేదు. బెస్సీ స్మిత్ వంటి గాయని నిలిచినదంటే ఆమె గొప్పతనంతో పాటు, ఆమె వెనుక ఆర్మ్‌స్ట్రాంగ్ వంటివారు వాయించడమూ కారణమే. ఆ పల్లెగాయకుల రికార్డులకు ఆదరణ కలగడానికి మరొక తరం సేకర్తలు రావలసివచ్చింది. అప్పటికి కొన్నిటికి ఒకటి రెండు ప్రతులే మిగిలాయి. సూచిక రాసేవాడు తాను కేవలం లెక్క రాస్తున్నాననుకొంటాడు గాని, ఏది బ్రతకాలో ఏది చావాలో కూడా కొంతవరకు అతడే నిర్ణయిస్తాడు. దెలోనేకు ఈ బాధ్యత తెలియకపోలేదని ఆయన తరువాతి జీవితం చెబుతుంది.

పాత రికార్డులను లెక్కించడంతో ఆయన తృప్తిపడలేదు. 1937లో పనాస్యేతో కలసి ‘స్వింగ్’ అనే రికార్డుల శాఖను నెలకొల్పాడు. కేవలం జాజ్ కొరకే ఏర్పడిన మొదటి శాఖగా దానిని పేర్కొంటారు. ఆ ఏప్రిల్ 28వ తేదీన హాకిన్స్, కార్టర్, జాంగో మొదలైనవారు కలసి వాయించిన ‘హనీసకుల్ రోజ్’, ‘క్రేజీ రిథమ్’ దానికి శ్రీకారం. నేటికీ రసికులు ఆ రెంటినీ మెచ్చుకొంటారు.

1940 జూన్ 14న జర్మను సేనలు పారిసులో ప్రవేశించాయి. జర్మనీలో నాజీ ప్రభుత్వం జాజ్‌ను నీగ్రోల, యూదుల సంగీతమని నిందించి అణచివేస్తున్న కాలం. అటువంటప్పుడు పారిసులో ఆ సంగీతం చచ్చిపోవలసింది. అందుకు మారుగా మునుపెన్నడూ లేని ఆదరణ పొందింది. ఆ డిసెంబరులోనే సాల్ గావో సభామందిరంలో దెలోనే జరిపించిన కచేరీకి జనం క్రిక్కిరిసి వచ్చారు. అమెరికా యుద్ధంలో చేరిన తరువాత ఆంగ్ల శీర్షికలకు ఫ్రెంచి ముసుగులు వేసి వాయించుకొన్నారు. దెలోనే జాజ్‌ను ఫ్రెంచి సంప్రదాయంగా ప్రచారం చేసి కాపాడాడు. రికార్డుల మాట వేరు. లక్క దొరకని దినాలు. కొత్త రికార్డు కావాలంటే పాత రికార్డులు కరిగించడానికి ఇచ్చుకోవలసిన స్థితి ఐరోపాలో ఏర్పడింది. అమెరికాలో కూడా 1942లో రికార్డుల పరిశ్రమకు లక్క వాడకాన్ని ప్రభుత్వం నూటికి 70 పాళ్లు తగ్గించింది. పాత రికార్డులు గుట్టలుగా పోగుచేసి తుక్కు క్రింద పంపారు. ఆ గుట్టలలో ఏవేవి పోయాయో లెక్కలేదు. సూచిక అవసరం అప్పుడే మరింత తెలిసివచ్చింది.

ఆ చీకటి దినాలలో దెలోనేకు లభించిన సహాయకులలో ఒకడు జర్మను వాయుసేన అధికారి డీట్రిష్ షుల్ట్స్-క్యోన్. యుద్ధానికి పూర్వమే అతడు జాజ్ రికార్డుల సేకర్త. సైనిక దుస్తులతోనే హాట్ క్లబ్‌కు వచ్చి, సూచిక పనిలో పాలుపంచుకొన్నాడు. నాజీ అధికారి దుస్తులలో ఉన్న అతడు జాంగో పక్కన, నీగ్రో వాద్యకారుల పక్కన, ఒక యూదుని పక్కన నిలిచి తీయించుకొన్న 1942 నాటి ఛాయాచిత్రం ఒకటి ప్రసిద్ధమైనది. మేట్రిక్స్ నంబరు ముందు శత్రుమిత్ర భేదం మరచినవారి కథగా దీనిని చెప్పుకోవడం సులభం. కాని కథ అంత తియ్యనిది కాదు.

అదే కాలంలో దెలోనే రహస్యంగా ప్రతిఘటనోద్యమంలో పనిచేస్తున్నాడు. జాజ్ మీద ఉపన్యాసాలివ్వడానికి ఊరూరా ఉన్న క్లబ్బులకు వెళ్లడానికి ఆయనకు వీలుండేది. ఆ ప్రయాణాల చాటున వార్తలు చేరవేసేవాడు. బెన్నీ కార్టర్ పేరును తలపించే బెన్నీ అనే గుప్తనామం ధరించాడు. 1943 అక్టోబరులో గెస్టపోవారు ర్యూ షప్తాల్ వీథిలోని క్లబ్ కార్యాలయం మీద పడ్డారు. దెలోనే, ఆయన కార్యదర్శిని మరికొందరితోపాటు పట్టుబడ్డారు. దెలోనేను ప్రశ్నించి కొన్నాళ్లకు విడిచిపెట్టారు. కార్యదర్శిని జర్మను నిర్బంధశిబిరం నుంచి తిరిగి రాలేదు. ఆ 1943లోనే ‘హాట్ డిస్కోగ్రఫీ’ కొత్త ముద్రణ వెలువడింది. ఆ పుటలలోని తేదీలు, అంకెలు, పేర్లు చూచే సేకర్తకు అవి ఏ గదిలో ఎవరి మధ్య కూర్చినవో తోచదు.

యుద్ధం ముగిసింది. అమెరికా నుంచి రికార్డులు మరల రాసాగాయి. ఈ నడుమ ఒక విశేషం జరిగింది. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం రికార్డులు చేయరాదని సమ్మెకట్టింది. పెద్ద కంపెనీలు కొన్నిటితో ఆ తగవు 1944 నవంబరు దాకా తెగలేదు. ఆ వ్యవధిలో న్యూయార్కు రాత్రిశాలలలో జాజ్ రూపమే మారింది. మార్పు మెట్టుమెట్టుగా రికార్డులకు ఎక్కలేదు గనుక ఫ్రెంచివారికి అది పిడుగువలె పడింది. డిజ్జీ గిలెస్పీ, చార్లీ పార్కర్ 1945లో గిల్డ్ అనే చిన్న కంపెనీకి వాయించిన ‘సాల్ట్ పీనట్స్’, ‘హాట్ హౌస్’ దెలోనే చేతికి వచ్చాయి. వేగం ఎక్కువ, స్వరగతి వక్రం, నాట్యానికి లొంగదు. విన్నవారు కొందరు ముగ్ధులయ్యారు, కొందరు చెవులు మూసుకొన్నారు.

ఇది జాజ్ అవునా కాదా? సేకర్త భాషలో చెబితే, కొనవలసినదా కాదా? యుద్ధకాలమంతా దక్షిణ ఫ్రాన్సులో గడిపిన పనాస్యే కాదని తీర్పు చెప్పాడు. ఆయన దృష్టిలో జాజ్ అంటే న్యూ ఆర్లియన్స్ సంప్రదాయం, దాని సంతతి. ఇది వేరు జాతి. దెలోనే అవునన్నాడు. 1947లో ఇద్దరికీ తెగతెంపులయ్యాయి. ఒకే సంఘంలో ఒకరి తరువాత ఒకరుగా పెరిగిన క్లబ్బులు ఊరూరా రెండుగా చీలిపోయాయి. పాతపక్షం వారిని బూజుపట్టిన అత్తిపండ్లని, కొత్తపక్షం వారిని పుల్లద్రాక్షలని పరస్పరం పరిహసించుకొన్నారు. పనాస్యే 1948 ఫిబ్రవరిలో నీస్ నగరంలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఉత్సవం నడిపితే, అదే నెలలో దెలోనే పారిసులోని సాల్ ప్లెయెల్‌లో గిలెస్పీ బృందంచేత కచేరీ చేయించాడు. మరుసటి యేడు మే నెలలో అక్కడే ఆయన నడిపిన అంతర్జాతీయ ఉత్సవంలో పార్కర్, యువకుడైన మైల్స్ డేవిస్ ఒకవైపు, న్యూ ఆర్లియన్స్ వృద్ధమూర్తి సిడ్నీ బెషే మరొకవైపు ఒకే వేదిక మీద వాయించారు. ఈ వివాదంలో దెలోనేయే విశాలహృదయుడని ఒప్పుకోక తప్పదు. ఆయన కొత్తదానిని కొన్నాడు, పాతదానిని అమ్ముకోలేదు.

అయితే ఆ విశాలతకు ఆయన మూల్యం చెల్లించాడు. 1948లో వాల్టర్ షాప్, జార్జి అవాకియన్ సంపాదకత్వాన న్యూయార్కులో ‘న్యూ హాట్ డిస్కోగ్రఫీ’ వచ్చేనాటికి గ్రంథం బాగా లావెక్కింది. అప్పటికి వంశవృక్ష పద్ధతి సాగడం కష్టమయింది. కొత్త శాఖలకు అంతు లేదు. ఎవరు ఎవరి శిష్యుడో తేల్చడం ఎవరి తరం? పిమ్మట అకారాది క్రమంలో సర్వసంగ్రహంగా ‘హాట్ డిస్కోగ్రఫీ ఆంసిక్లొపెదిక్’ ఆరంభించాడు. 1951 నుంచి సంపుటాలు వెలువడి, ఆంగ్ల వర్ణక్రమంలో హెచ్ అక్షరంలోనే ఆగిపోయాయి. గీటు గీచుకొని ఇంతవరకే జాజ్ అన్న పనాస్యేకు ఇటువంటి చిక్కు లేదు. గీటు చెరిపినవానికి గ్రంథసమాప్తి లేకపోయింది. తరువాత ఇంగ్లండులో బ్రయన్ రస్ట్ తన జాజ్ రికార్డుల సూచికను 1942తో ముగించుకొని పూర్తిచేయగలిగాడు. అంతటితో ఆగాలన్న నిశ్చయమే దానికి బలం.

1948లోనే అమెరికాలో దీర్ఘకాలం ఆడే 33 చుట్ల రికార్డు బయటికి వచ్చింది. లక్క రికార్డుల కాలం తీరింది. అరిగిన పాత రికార్డులను కొత్త పళ్లేల మీదికి ఎక్కించేటప్పుడు కంపెనీవారికి దెలోనే పుస్తకం చేతి దివిటీ అయింది. తాము ఏమి రికార్డు చేశారో తమకే తెలియని కంపెనీలు సేకర్తల ఇళ్ల గుమ్మాలు ఎక్కాయి. ఆయన స్వయంగా ‘వోగ్’ కంపెనీలో భాగస్వామిగా నిలిచి ఫ్రెంచి, అమెరికను వాద్యకారులచేత ఎన్నో రికార్డులు చేయించాడు. బెషే 1952లో చేసిన ‘పెతీత్ ఫ్లర్’ ఆ కంపెనీదే. జాజ్ పేరు తెలియని వారు కూడా దానిని ఈలవేసుకొన్నారు.

1953లో జాంగో మరణించిన తరువాత అతని జీవితచరిత్ర రాయడం దెలోనే చేసిన మరొక మంచి పని. అదే 1953లో మోడరన్ జాజ్ క్వార్టెట్ వారు ఆయన పేర ‘దెలోనేస్ డిలెమా’ అనే రచనను రికార్డు చేశారు. దెలోనేవారి సందిగ్ధమని దాని అర్థం. 1985లో అచ్చయిన తన స్మృతులకు ఆయన ఆ పేరే పెట్టుకొన్నాడు. 1964లో తల్లితో కలసి, తల్లిదండ్రుల చిత్రాలు నూటికి పైగా ఫ్రెంచి ప్రభుత్వానికి దానమిచ్చాడు. అవి వేలంలో అమ్మితే వచ్చే సొమ్ముతో ఎన్ని అపూర్వమైన రికార్డులు కొనవచ్చునో ఆయనకు తెలియనిది కాదు.

దెలోనే 1988 ఫిబ్రవరి 16న తన 77వ యేట మరణించాడు. ఆయన కూడబెట్టిన రికార్డులు, కాగితాలు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి చేరాయి. జాజ్ సూచికలు తరువాత ఇతరుల చేతులలో పడి, సంపుటాలు దాటి కంప్యూటర్లలోకి ఎక్కాయి. ఆయన తప్పులు ఎన్నో దిద్దబడ్డాయి. బృందం పేరు, దాని క్రింద వాద్యకారులు, ఊరు, తేదీ, ఆపైన మేట్రిక్స్ నంబరు, పాట, కంపెనీ అంకె అనే వరుసలో ఒక్కొక్క రికార్డును పేర్కొనే పద్ధతి మాత్రం ఇప్పటికీ సాగుతున్నది.